గ్రీన్ స్క్రీన్ అంచు ఎక్కడ పాడవుతుంది, ఎక్కడ బాగుపడుతుంది

(ఎడిటింగ్, కంపోజిటింగ్ నేర్చుకుంటున్నవారి కోసం చేసిన ప్రసంగం పాఠం. చివర్లో అడిగిన ప్రశ్నల్లో మూడు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో ఉన్నవాళ్లకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

గ్రీన్ స్క్రీన్ ముందు మనిషిని షూట్ చేస్తాం. ఎడిట్‌లోకి తెచ్చి కీ చేస్తాం, అంటే పచ్చని తీసేసి మనిషిని మాత్రం ఉంచుతాం. భుజం చుట్టూ మెట్లు మెట్లుగా ఒక అంచు, దాని మీద పచ్చగా ఒక గీత. తల కదిపితే జుట్టు చుట్టూ ఏదో గిజగిజలాడుతూ ఉంటుంది. అప్పుడు చాలామంది చేసే పని ఏమిటంటే, కీ చేసే టూల్‌ని, అంటే కీయర్‌ని, మార్చి చూడటం. ఒకటి పోతే ఇంకొకటి, అదీ పోతే డబ్బు పెట్టి కొన్న ప్లగిన్. స్లైడర్లు అటూ ఇటూ తిప్పీ తిప్పీ చివరికి అంచుని ఓ రెండు పిక్సెళ్లు లోపలికి కోసేసి, పైన కాస్త బ్లర్ కొట్టి పంపేస్తారు. మనిషి అట్టముక్క కత్తిరించి అతికించినట్టు కనిపిస్తాడు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మామూలు కెమెరా నుంచి, ఫోన్ నుంచి వచ్చిన ఫుటేజ్ కీయర్ దగ్గరికి చేరేసరికే రంగు అంచు చెడిపోయి ఉంటుంది. చెడిపోనిది వెలుగు అంచు. కాబట్టి పని ఎక్కువగా కీయర్‌కి ముందూ, కీయర్ తర్వాతా ఉంటుంది. కీయర్‌లో ఉండేది తక్కువే.

ముందు ఈ చెడిపోవడం ఎలా జరుగుతుందో చూద్దాం. సెన్సర్ నుంచి బొమ్మ ఎరుపు, పచ్చ, నీలంగానే వస్తుంది. ఫైల్‌లోకి మాత్రం అలా వెళ్లదు. వెలుగు ఒక ప్లేన్‌గా, రంగు తేడాలు ఇంకో రెండు ప్లేన్లుగా విడిపోతుంది. వెలుగుని లూమా అంటాం, రంగు తేడాలని క్రోమా అంటాం. మన కన్ను వెలుగులో సన్న వివరాన్ని బాగా పట్టుకుంటుంది, రంగులో అంతగా పట్టుకోదు. అందుకని 4:2:0 ఫైళ్లలో రంగుని సగం వెడల్పు, సగం ఎత్తుకి తగ్గించేస్తారు. దీన్నే సబ్‌శాంప్లింగ్ అంటారు. 1920 బై 1080 బొమ్మలో లూమా మొత్తం ఉంటుంది, క్రోమా మాత్రం 960 బై 540. అమెరికా, జపాన్‌లలో వాడిన పాత డీవీ టేపుల్లో 4:1:1 ఉండేది. అక్కడ 720 వెడల్పుకి రంగు శాంపిళ్లు 180 మాత్రమే. ఆ ఫుటేజ్ కీ చేసినవాళ్లకి నిలువు అంచుల మీద వచ్చే మెట్ల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు.

అంటే గీతలు సన్నటి పెన్నుతో గీసి, రంగు మాత్రం లావు కుంచెతో పూసిన బొమ్మ ఇది. దూరం నుంచి చూస్తే ఏ లోపమూ కనిపించదు. కానీ కీయర్ గీతని చూడదు, రంగునే చూస్తుంది. మనం దాన్ని అడుగుతున్నది ఆ లావు కుంచె అంచునే.

ఇది మాటల్లో చెబితే సరిపోదు, ఒక చోట దగ్గరగా చూపిస్తాను. తెర మీద రెండే రెండు నిలువు వరుసల పిక్సెళ్లు తీసుకుందాం. ఎడమ వరుస గ్రీన్ స్క్రీన్: ఎరుపు 60, పచ్చ 180, నీలం 70. కుడి వరుస నల్ల కోటు చెయ్యి: 30, 30, 35. హెచ్‌డీ వీడియో వాడే రెక్ 709 లెక్కలో లూమా అంటే ఎరుపులో 21 శాతం, పచ్చలో 72 శాతం, నీలంలో 7 శాతం. ఆ లెక్కన స్క్రీన్ లూమా 147, కోటు లూమా 30. ఇంతవరకూ అంచు కత్తిలా ఉంది.

ఇప్పుడు 4:2:0 కోసం ఈ రెండు వరుసల రంగు తేడాలని సగటు చేస్తాం. తర్వాత ప్లేబ్యాక్‌లో మళ్లీ ఆర్‌జీబీలోకి మారుస్తాం. అలా మారి వచ్చిన కోటు పిక్సెల్ చూడండి: ఎరుపు 0, పచ్చ 47, నీలం 0. పచ్చ ఛాయే లేని నల్ల కోటు ముదురు పచ్చగా మారిపోయింది. స్క్రీన్ పిక్సెల్ ఏమో 103, 163, 111. పచ్చదనం వెలిసిపోయింది.

దీన్ని కీయర్‌కి ఇద్దాం. చాలా కీయర్ల లోపల ఇప్పటికీ తిరుగుతున్నది ఫిల్మ్ రోజుల్లో పెట్రో వ్లాహోస్ రూపొందించిన కలర్ డిఫరెన్స్ ఆలోచనే. పచ్చలోంచి ఎరుపు, నీలాల్లో పెద్దదాన్ని తీసేస్తే ఎంత మిగిలితే అంత స్క్రీన్. అసలు స్క్రీన్ పిక్సెల్‌కి ఆ తేడా 110. అసలు కోటుకి సున్నా కంటే తక్కువ. సబ్‌శాంప్లింగ్ తర్వాత? స్క్రీన్‌కి 52, కోటుకి 47. అంటే పూర్తిగా పోవాల్సిన పిక్సెల్, పూర్తిగా ఉండాల్సిన పిక్సెల్ రెండూ కీయర్ కంటికి ఇంచుమించు ఒకటే, రెండూ సగం పారదర్శకం. ఇక్కడ ఏ కీయర్‌ని తిట్టి లాభమేముంది? దాని చేతికిచ్చిన అంకెలే అవి.

కానీ ఒకటి గమనించండి. లూమా మాత్రం మారలేదు. ఇప్పటికీ 147, 30. అంచు ఎక్కడుందో ఫైల్‌కి తెలుసు, తెలిసిన చోటు వేరు. నా మాటంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పటిదాకా చెప్పింది సబ్‌శాంప్లింగ్ ఒక్కటే, కంప్రెషన్ ఇంకా మొదలవనేలేదు. 25 ఫ్రేముల 1080 వీడియోని 8 బిట్ 4:2:0లో ఏ కంప్రెషనూ లేకుండా పెడితే సెకనుకి దాదాపు 622 మెగాబిట్లు అవుతుంది. ఏవీసీహెచ్‌డీ కెమెరాలు దాన్నే 24 మెగాబిట్లలో కుదించేవి. అంత కుదించాలంటే ఎన్‌కోడర్ బొమ్మని బ్లాకులుగా కోసి, ప్రతి బ్లాకులో సన్న వివరాన్ని ముందు బలి ఇస్తుంది. పదునైన అంచు చుట్టూ దోమలు ముసిరినట్టు కనిపించే నాయిస్ అక్కడి నుంచే వస్తుంది. పైగా లాంగ్ గాప్ ఫైల్ అయితే ఒక ఫ్రేము పూర్తిగా ఉంటుంది, తర్వాతివన్నీ దాన్నుంచి ఊహించినవే. మళ్లీ పూర్తి ఫ్రేము వచ్చినప్పుడల్లా అంచు ఒక్కసారి సర్దుకుంటుంది. నిలబడి ఉన్న మనిషి అంచు కూడా కదులుతున్నట్టు కనిపించడానికి ఒక కారణం అదే. స్టిల్ ఫ్రేము చూసి కీ బాగుంది అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

సరే, షూటింగ్ దగ్గరికి వద్దాం. స్క్రీన్‌కి లైట్ సమంగా పడాలని అందరూ చెబుతారు, కీయర్‌కి ఒకే పచ్చ దొరుకుతుందని. నిజమే. దాంతోపాటు ఇంకో లాభం ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా ప్రస్తావించరు. ఎన్‌కోడర్ దగ్గర బిట్లు లెక్కగా ఉంటాయి. ముడతలు, నీడలు, ఐఎస్ఓ పెంచినప్పుడు వచ్చే నాయిస్, వీటన్నిటికీ అది బిట్లు ఖర్చుపెట్టాలి. నాయిస్ ప్రతి ఫ్రేములోనూ మారుతుంది కాబట్టి దానికైతే మరీ ఎక్కువ. నున్నగా, సమంగా, కాస్త ఫోకస్ తప్పి ఉన్న స్క్రీన్‌కి ఖర్చు దాదాపు ఉండదు. ఆ మిగిలిన బిట్లు మన మనిషి అంచుకి దక్కుతాయి. అందుకే మనిషిని స్క్రీన్‌కి వీలైనంత దూరంగా నిలబెట్టండి. స్క్రీన్ పచ్చ మనిషి మీద పడటం, అంటే స్పిల్, తగ్గుతుంది, నీడ పడదు, స్క్రీన్ మెత్తగా అవుతుంది.

ఆ తర్వాత కెమెరా మెనూలోకి వెళ్లి షార్ప్‌నెస్ పూర్తిగా తగ్గించండి. కొన్నిట్లో దాన్ని డీటెయిల్ అంటారు. ఇది చాలా చిన్న సెట్టింగ్, చేసే నష్టం మాత్రం పెద్దది. అంచు పదునుగా కనిపించాలని కెమెరా ఒక వైపు నల్ల గీత, ఇంకో వైపు తెల్ల గీత గీస్తుంది. ఆ గీత స్క్రీన్ రంగూ కాదు, మనిషి రంగూ కాదు. కీ చేశాక అది అలాగే మిగిలి మనిషి చుట్టూ బోర్డర్ గీసినట్టు ఉంటుంది. పోస్ట్‌లో దాన్ని తీయడానికి పడే పాట్లు చెప్పనక్కర్లేదు. షార్ప్‌నెస్ కావాలంటే కీ అయ్యాక చివర్లో ఇచ్చుకోవచ్చు.

8 బిట్ ఫైల్‌లో లాగ్ ప్రొఫైల్, అంటే వెలుగు నీడల వివరం ఎక్కువ దక్కేలా బొమ్మని చప్పగా రికార్డు చేసే సెట్టింగ్, వాడకండి. లాగ్ రంగుని దగ్గరగా నొక్కేస్తుంది. ఉన్న 256 మెట్లలో పచ్చకీ చర్మానికీ మధ్య దూరం ఇంకా తగ్గిపోతుంది. 10 బిట్ ఉంటే అది వేరే సంగతి.

కెమెరా 4కె తీయగలిగితే, ఇచ్చేది హెచ్‌డీ అయినా సరే, 4కెలోనే తీయండి. 3840 బై 2160 ఫైల్‌లో 4:2:0 క్రోమా 1920 బై 1080 ఉంటుంది. దాన్ని హెచ్‌డీకి తగ్గిస్తే ప్రతి పిక్సెల్‌కీ దాని సొంత రంగు శాంపిల్ దొరికినట్టే. డబ్బు ఖర్చు లేకుండా 4:4:4కి, అంటే రంగు ఏమాత్రం తగ్గని ఫైల్‌కి, దగ్గరగా వెళ్లే దారి నాకు తెలిసినంతలో ఇదొక్కటే. బిట్‌రేట్ మరీ తక్కువైతే ఈ లాభంలో కొంత పోతుంది, అది గుర్తుంచుకోండి. నిలబడ్డ మనిషి ఒక్కరే ఉన్నప్పుడు కెమెరాని పక్కకి తిప్పి నిలువుగా తీయడం కూడా మంచి అలవాటు. పక్కన ఖాళీ పచ్చ మీద పిక్సెళ్లు తగలేయడం ఎందుకు?

కెమెరాకి శుభ్రమైన హెచ్‌డీఎంఐ అవుట్ ఉండి, బయటి రికార్డర్‌లో 10 బిట్ 4:2:2 (రంగు వెడల్పులో మాత్రమే సగం) తీసుకోగలిగితే ఇంకేం కావాలి. ఈ ప్రసంగంలో సగం మీకు అవసరమే లేదు.

(నవ్వులు)

ఫైల్ వచ్చేసింది, అది 4:2:0నే అనుకుందాం. మీద స్కేల్, రొటేషన్, కలర్ కరెక్షన్ ఏదీ పడకముందే అంచు పని చేయాలి. ఇంటర్‌లేస్డ్ ఫుటేజ్ అయితే, అంటే ఒక్కో ఫ్రేము సరి, బేసి గీతల రెండు ఫీల్డులుగా తీసినదైతే, అన్నిటికంటే ముందు డీఇంటర్‌లేస్. ఎందుకంటే అక్కడ రంగు కూడా ఫీల్డుల వారీగా విడిపోయి ఉంటుంది. రెండు ఫీల్డులు కలిపి చూస్తే దువ్వెన పళ్లలాంటి రంగు అంచు వస్తుంది.

తర్వాత క్రోమాని పూర్తి సైజుకి ఎలా పెంచుతున్నారో చూసుకోండి. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఒక్కో శాంపిల్‌ని నాలుగు పిక్సెళ్లకీ అలాగే కాపీ కొడతాయి. మెట్లు అక్కడే పుడతాయి. ఫ్రేముని నాలుగైదు రెట్లు పెద్దది చేసి, రంగు ఛానెళ్లు విడిగా పెట్టి చూస్తే తెలిసిపోతుంది. అలా ఉంటే బొమ్మని లూమా, సీబీ, సీఆర్‌గా (చివరి రెండూ క్రోమా ప్లేన్లు) విడదీసి, లూమాని ముట్టుకోకుండా సీబీ, సీఆర్‌లకి మాత్రం ఒకటి రెండు పిక్సెళ్ల బ్లర్ ఇవ్వండి. మళ్లీ కలపండి. మెట్లు కరిగి అంచు నున్నగా అవుతుంది. డీవీ 4:1:1 అయితే బ్లర్ అడ్డంగానే ఎక్కువ కావాలి, నిలువుగా రంగు మొత్తం ఉంది కదా.

బ్లర్ కొడితే అంచు ఇంకా మెత్తబడిపోదా అని మీకు అనుమానం రావచ్చు. వస్తుంది, కొంత మెత్తబడుతుంది కూడా. కానీ మెత్తటి అంచుని తర్వాత బిగించుకోవచ్చు, మెట్లని బిగిస్తే మెట్లే మిగులుతాయి. ఇంకా మంచి మార్గం, లూమాని చూసి దారి పట్టే ఫిల్టర్. బైలేటరల్ అనీ, గైడెడ్ అనీ పేర్లుంటాయి. రంగుని మెత్తబరుస్తుంది, లూమాలో పెద్ద గెంతు కనిపించిన చోట ఆగుతుంది. ఇందాక చూసిన 147, 30 గుర్తుందా? ఆ గెంతు దగ్గర ఆగుతుంది. రంగు అంచు వెలుగు అంచు దగ్గరికి వచ్చి చేరుతుంది.

దీంట్లోంచి షూటింగ్‌కి ఒక పాఠం వస్తుంది. స్క్రీన్ వెలుగూ, మనిషి అంచు వెలుగూ ఒకేలా ఉంటే ఈ ఫిల్టర్‌కి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. రంగు వేరైతే చాలు అనుకుని, బుగ్గా స్క్రీనూ ఒకే లూమాలో పెట్టేస్తుంటారు. వేవ్‌ఫామ్‌లో, అంటే వెలుగు స్థాయిలు చూపే గ్రాఫ్‌లో, చూసి కాస్త ఎడం ఉంచండి. వెనక నుంచి చిన్న రిమ్ లైట్ పెడితే భుజాలకీ జుట్టుకీ ఆ ఎడం దానంతటదే వస్తుంది.

ఇక అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడే అలవాటు. మనిషి ఉన్న చోటుని తెలుపులో, లేని చోటుని నలుపులో చూపేది మ్యాట్. ఆ మ్యాట్ వేరు, బొమ్మ వేరు అనుకోండి. క్రోమా బ్లర్, డీనాయిస్, ఇవన్నీ చేసిన కాపీ నుంచి మ్యాట్ మాత్రమే తీసుకోండి. తెర మీద కనిపించే మనిషి మాత్రం ఏ డీనాయిసూ చేయని ఒరిజినల్ నుంచి రావాలి. అలా చేస్తే మ్యాట్ కోసం కాపీని ఎంత నలిపినా ముఖం మీద మచ్చ పడదు. చాలామంది కీయర్ ఇచ్చిన బొమ్మనే తీసుకుంటారు. అందులో కీ, స్పిల్ తీయడం, అంచు రంగు అన్నీ ముడిపడి ఉంటాయి. ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడుతుంది.

మ్యాట్ ఒక్కటే ఉండాలని కూడా ఎక్కడా లేదు. లోపలికి గట్టిగా ఒకటి, అంచుకి మెత్తగా ఒకటి. లోపలిదాన్ని ఎంత కర్కశంగా క్లిప్ చేసినా పర్వాలేదు, దాన్ని నాలుగైదు పిక్సెళ్లు లోపలికి కుదించి వాడతాం కాబట్టి. అంచు మ్యాట్‌లో మాత్రం నలుపు, తెలుపు స్లైడర్లని ముట్టుకోవడానికి భయపడాలి. పచ్చ శాంపిల్ తీసేటప్పుడు స్క్రీన్ మధ్యలో కాదు, జుట్టు పక్కనే తీయండి. దూరంగా ఉన్న మూలలు ఎలాగూ గార్బేజ్ మ్యాట్‌తో, అంటే అక్కర్లేని చోటుని చేత్తో గీసి తీసేసే మ్యాట్‌తో, పోతాయి.

స్పిల్ సంగతి త్వరగా ముగిస్తాను. పచ్చ ఎక్కడైతే ఎరుపు, నీలాల సగటుని మించిందో అక్కడ దాన్ని ఆ సగటుకి తగ్గించడం, పాత చిట్కానే. ఇప్పటికీ పనిచేస్తుంది. తగ్గించిన మేరకు అంచు చీకటి పడుతుంది కాబట్టి అంత వెలుగు తిరిగి ఇవ్వాలి. ఇందాకటి కోటు పిక్సెల్ 0, 47, 0ని ఇలా సరిచేస్తే 0, 0, 0 అవుతుంది, నల్ల కోటుకి అదేం తప్పు కాదు. కానీ ఎర్ర చీర అంచైతే? అక్కడ అసలు రంగే పోయి ఉంటుంది. దానికి మందు, మూడు నాలుగు పిక్సెళ్లు లోపల ఉన్న మంచి రంగుని బయటికి సాగదీసి అంచు మీద పరచడం. వెలుగు మాత్రం ఒరిజినల్ లూమా నుంచే తెచ్చుకోండి. రంగు పక్కవాడిది, వెలుగు తనది. చూసేవాళ్లకి తేడా తెలియదు, ఎందుకంటే కన్ను రంగు వివరాన్ని పట్టించుకోదని మొదట్లోనే అనుకున్నాం కదా. వీడియోని కుదించే కోడెక్ ఏ బలహీనతని నమ్ముకుందో మనమూ దాన్నే నమ్ముకుంటున్నాం.

చివరగా, కీని బూడిద రంగు మీద పెట్టి చూస్తూ కూర్చోకండి. అసలు బ్యాక్‌గ్రౌండ్ మీద, నూరు శాతం సైజులో, ప్లే చేసి చూడండి. ముదురు బ్యాక్‌గ్రౌండ్ మీద ఘోరంగా కనిపించే అంచు వెలుతురు ఉన్న గది మీద అసలు కనిపించకపోవచ్చు. అవసరం లేని అంచు కోసం రాత్రంతా టెన్షన్ పడటం దేనికి?

ఇప్పుడు ప్రశ్నలు.

“ఫైల్‌ని ప్రోరెస్ 4444కి మార్చుకుని కీ చేస్తే బాగుంటుందా సార్?”

ప్రోరెస్ 4444 రంగుని తగ్గించకుండా దాచే ఫైల్ రకం, కానీ పోయిన రంగు తిరిగి రాదండి. 960 శాంపిళ్లు పెద్ద డబ్బాలో పెట్టినా 960యే. అయినా మార్చుకోవడం మంచిదే, కారణం వేరు. మీరు చేసే క్రోమా పనిని మళ్లీ 4:2:0లో సేవ్ చేస్తే మొదటికొస్తుంది. మధ్య దశలన్నీ 4:4:4లో, వీలైతే 10 బిట్‌కి పైన ఉండాలి. ఎడిటింగ్ తేలికవడానికి చేసుకున్న చిన్న కాపీ, అంటే ప్రాక్సీ ఫైల్ మీద మాత్రం ఎప్పుడూ కీ సెట్ చేయకండి, ఒరిజినల్ లింక్ చేయగానే అన్ని స్లైడర్లూ తప్పుతాయి.

“ఇప్పుడు ఏఐ టూల్స్ మనిషిని వాటంతటవే కత్తిరించి ఇస్తున్నాయి కదా, ఇంకా ఈ తంటా అవసరమా?”

లోపలి మ్యాట్‌కి హాయిగా వాడండి, నేనూ వాడతాను. గార్బేజ్ మ్యాట్ గీసే బాధ తప్పుతుంది. అంచు దగ్గర అవి ఊహిస్తాయి. ఒక్కో ఫ్రేములో ఒక్కోలా ఊహిస్తే మళ్లీ గిజగిజే. స్క్రీన్ ఉన్నప్పుడు అంచుకి స్క్రీన్ ఇచ్చే సమాచారమే నమ్మకమైనది.

“మిగతావన్నీ చేశాం సార్, సన్న వెంట్రుకలు మాత్రం రావట్లేదు. కీలోకి తెస్తే పచ్చగా వస్తున్నాయి, పచ్చ తీస్తే మాయమవుతున్నాయి.”

ఒక్క పిక్సెల్ మందం వెంట్రుకకి 4:2:0లో సొంత రంగు అనేది లేదు, కాబట్టి దాన్ని కీ చేయాలని చూడకండి. దాన్ని లూమాతో పట్టుకోండి. మనిషి లేని ఖాళీ స్క్రీన్ ఫ్రేము ఒకటి తీసుకోండి, లేకపోతే స్క్రీన్‌లో మనిషి ఉన్న చోటుని చుట్టుపక్కల పచ్చతో నింపి తయారుచేసుకోండి. ఒరిజినల్ లూమాని దాని లూమాతో భాగించండి. ఖాళీ స్క్రీన్ ఉన్న చోట ఒకటి వస్తుంది, నల్ల వెంట్రుక ఉన్న చోట ఒకటికి తక్కువ వస్తుంది. రంగు లేని ఆ ఫలితంతో కొత్త బ్యాక్‌గ్రౌండ్‌ని గుణించండి, తల చుట్టూ ఉన్న చోట మాత్రమే. దాని మీద మీ మామూలు కీ పెట్టండి. వెంట్రుకలు పూర్తి రెజల్యూషన్‌లో బ్యాక్‌గ్రౌండ్‌ని ముదురు చేస్తూ కనిపిస్తాయి, పచ్చ అనే ప్రశ్నే రాదు. రిమ్ లైట్ పడి మెరిసే వెంట్రుకలైతే భాగించడం బదులు తీసివేసి, మిగిలిన వెలుగుని బ్యాక్‌గ్రౌండ్‌కి కలపండి. స్క్రీన్ మీద నాయిస్ ఉంటే అది కూడా వచ్చేస్తుంది, ఖాళీ స్క్రీన్‌కి దగ్గరగా ఉన్న విలువలని ఒకటికి నొక్కేస్తే పోతుంది. బ్యాక్‌గ్రౌండ్ మరీ చీకటిగా ఉంటే మొదటి పద్ధతి పనికిరాదు, చీకటిని ఇంకా చీకటి చేసి ప్రయోజనం ఉండదు. అప్పుడు రెండోదే దిక్కు, అంటే షూటింగ్‌లోనే వెనక లైట్ పెట్టి ఉండాలి.